పదకొండో పదం ఎందుకు పడిపోతుంది

వేళచేరి,
చెన్నై.

ఒరేయ్ మస్తానయ్యా,

మొన్న మనం ఫోన్లో మాట్లాడుకుంటుంటే పాప మధ్యలో నీ చేతిలోంచి ఫోన్ లాక్కుని, "చిన్నాన్నా, అన్నీ ప్రధాన సంఖ్యలే వచ్చేలా ఒక అంకశ్రేఢి రాయొచ్చా?" అని అడిగింది కదా. పదో తరగతి శ్రేఢుల పాఠంలో ఉన్నట్టుంది. ఉత్తరం రాస్తానని మాటిచ్చాను. నిజం చెప్తున్నా, ఎంతో కాలంగా నేను ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటున్న విషయాన్నే అడిగింది ఆ పిల్ల. అందుకే ఉత్తరం కాస్త పెద్దదవుతోంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి.

ఒకే సంఖ్యను మళ్ళీ మళ్ళీ కలుపుకుంటూ పోయే వరసే అంకశ్రేఢి, ఆ కలిపే సంఖ్యే సామాన్య భేదం. ముందు సులువైన జవాబు. అంతులేకుండా సాగే అంకశ్రేఢిలో అన్నీ ప్రధాన సంఖ్యలే ఉండటం కుదరదు. మొదటి పదం 7, సామాన్య భేదం 30 తీసుకో. 7, 37, 67, 97, 127, 157. ఆరూ ప్రధాన సంఖ్యలే. ఏడోది 187, అంటే 11 ఇంటూ 17, అక్కడ తెగింది. ఒకవేళ అక్కడ తెగలేదనుకున్నా ఎనిమిదో పదం దగ్గర తప్పించుకునే దారే లేదు. అక్కడికి చేరేసరికి 30ని ఏడుసార్లు కలిపి ఉంటాం, మొదట ఉన్నదేమో 7, కాబట్టి మొత్తాన్ని 7 భాగించి తీరాలి. 217, అంటే 7 ఇంటూ 31. ఏ శ్రేఢి అయినా ఇంతే. మొదటి పదం ఎంతో అన్ని అడుగులు వేసేసరికి ఆ మొదటి పదమే కారణాంకంగా వచ్చి నిలబడుతుంది. భేదం సున్నా పెడితే 7, 7, 7 అని వస్తాయి కదా అని పాప వాదిస్తే వాదన సరైనదేనని ఒప్పుకో, ఒప్పుకుని పక్కన పెట్టు.

అంతులేనిది కుదరదని తేలింది. మరి ఎంత పొడుగు కుదురుతుంది? అసలు మజా అంతా ఇక్కడుంది. ఈ శ్రేఢి చూడు. మొదటి పదం 199, భేదం 210.

199, 409, 619, 829, 1039, 1249, 1459, 1669, 1879, 2089.

పదికి పదీ ప్రధాన సంఖ్యలే. నా మాట నమ్మొద్దు, పాపనే పరీక్షించమను. 2089 వర్గమూలం 46 లోపే కాబట్టి 43 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అందులోనూ ఒక వెసులుబాటు ఉంది. 210 అంటే 2, 3, 5, 7ల లబ్ధం. ఆ నాలుగింటిలో దేనితో భాగించినా 199కి ఏ శేషం వస్తుందో మిగతా తొమ్మిదింటికీ అదే వస్తుంది, ఎందుకంటే మనం కలుపుతున్న 210 ఆ శేషాన్ని కదిలించలేదు. కాబట్టి 199ని ఆ నాలుగూ భాగించవని ఒక్కసారి చూసుకుంటే పది పదాలకూ ఆ నాలుగింటి బెడద తీరిపోయినట్టే.

ఇప్పుడు పదకొండో పదం, 2299. దీన్ని భాగించి చూడకముందే ఇది ప్రధాన సంఖ్య కాదని చెప్పేయొచ్చు. దీన్ని ఏ సంఖ్య పడగొడుతుందో కూడా చెప్పొచ్చు. 210ని 11తో భాగిస్తే శేషం 1. అంటే ఒక్కో అడుగుకీ 11తో వచ్చే శేషం ఒకటి చొప్పున పెరుగుతుంది. 199కి శేషం 1. 409కి 2. 619కి 3. అలా వరసగా పోయి 2089కి 10. ఆ తర్వాత మిగిలింది సున్నా ఒక్కటే. 2299 అంటే 11 ఇంటూ 11 ఇంటూ 19.

ఒరేయ్, ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడరా. 11తో భాగిస్తే సున్నా కాకుండా రాగల శేషాలు పదే. ఈ శ్రేఢి సరిగ్గా 1 దగ్గర మొదలుపెట్టి ఆ పదింటినీ ఒక్కటి కూడా వదలకుండా వాడుకుంది. 210 భేదంతో ఇంతకంటే పొడుగు రావాలంటే 11తోనే మొదలుపెట్టాలి, వేరే మార్గం లేదు. దొరికే చోటంతా ఆక్రమించిన శ్రేఢి ఇది. నాలుగంకెల సంఖ్యల్లోనే, చేత్తో సరిచూసుకోగలిగినంత దగ్గర్లో ఇలాంటిది ఉండటం నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

దీంట్లోంచి ఒక నియమం వస్తుంది. నీకు ఎన్ని పదాలు కావాలో ఆ సంఖ్యకు మించని ప్రధాన సంఖ్యలన్నీ సామాన్య భేదాన్ని భాగించి తీరాలి. భాగించని సంఖ్య ఒక్కటి మిగిలినా అది మధ్యలో ఎక్కడో ఒక పదాన్ని పడగొడుతుంది. ఆ సంఖ్యే మొదటి పదమైతే మాత్రం తప్పించుకోవచ్చు. 3, 5, 7 అలా బయటపడిందే. 5, 11, 17, 23, 29 కూడా అంతే. అందులో భేదం 6, దాన్ని 5 భాగించదు, కానీ 5 తనే ముందు నిలబడింది.

నేను నీకు చెప్పాలనుకున్న సంగతి ఒకే ఒకటి. ప్రధాన సంఖ్యల దారిలో అడ్డం వచ్చేవి ఈ చిన్న సంఖ్యలే. వాటి అడ్డు తీసేస్తే ఇంకే అడ్డూ లేదు. వినడానికి మామూలుగా ఉంటుంది కానీ, ఆ రెండో వాక్యాన్ని నిరూపించడానికి మనుషులకు చాలా కాలం పట్టింది.

బెన్ గ్రీన్, టెరెన్స్ టావో అనే ఇద్దరు 2004లో నిరూపించారు. నువ్వు ఎంత పొడుగు అడిగినా సరే, వంద పదాలు, లక్ష పదాలు, కోటి పదాలు, అన్నీ ప్రధాన సంఖ్యలే ఉండే అంకశ్రేఢి ఎక్కడో ఒకచోట ఉంది. ఉండి తీరుతుంది. వాళ్ళ వ్యాసం అచ్చయింది 2008లో. దాని వెనక హంగరీకి చెందిన సెమెరేడి 1975లో నిరూపించిన ఫలితం ఉంది. ఆయన చెప్పింది ఏమిటంటే, పూర్ణ సంఖ్యల్లోంచి ఒక స్థిరమైన వాటా తీసుకుంటే చాలు, ఎలా తీసుకున్నా సరే, ఆఖరికి వందకొకటి లెక్కన అయినా సరే, అందులో ఎంత పొడుగు అంకశ్రేఢి కావాలన్నా దొరుకుతుంది. చిక్కేమిటంటే ప్రధాన సంఖ్యలకు స్థిరమైన వాటా లేదు. వెయ్యి దగ్గర దాదాపు ఏడింటికొకటి, పది లక్షల దగ్గర పద్నాలుగింటికొకటి, వంద కోట్ల దగ్గర ఇరవై ఒకటికొకటి, అలా పలచబడుతూనే పోతాయి. సెమెరేడి ఫలితం నేరుగా పనిచేయదు.

ఈ మద్రాసులో మన తెలుగువాళ్ళను చూడు. ఊరు మొత్తం మీద లెక్కేస్తే పలచగానే ఉంటాం. కొండితోపు లాంటి పేటకు వెళ్తే ఏ వీధిలో చూసినా మనవాళ్ళే. గ్రీన్, టావో చేసిందీ అలాంటిదే. ప్రధాన సంఖ్యలను మొత్తం సంఖ్యల మధ్య పెట్టి చూడకుండా, "దాదాపు ప్రధాన సంఖ్యలు" అనదగ్గ చిన్న గుంపులో పెట్టి చూశారు. చిన్న కారణాంకాలు లేని సంఖ్యల గుంపు అది. ఆ గుంపులో ప్రధాన సంఖ్యలకు స్థిరమైన వాటా ఉంది. ఆ గుంపు కూడా, చిన్న సంఖ్యల అడ్డు తొలగించాక, మామూలు సంఖ్యల లాగే నడుచుకుంటుందని చూపించి, సెమెరేడి ఫలితాన్ని అక్కడికి మోసుకెళ్ళారు. ఆ మోసుకెళ్ళడంలోనే వాళ్ళ గొప్పతనమంతా ఉందని నా అభిప్రాయం.

అయితే ఉందని నిరూపించడం వేరు, వెతికి పట్టుకోవడం వేరు. 2010లో 26 పదాలది దొరికింది. 2019లో రాబ్ గహన్ అనే ఆయన 27 పదాలది కనిపెట్టారు. ప్రైమ్‌గ్రిడ్ అని, ఎవరి ఇంట్లో కంప్యూటర్లు వాళ్ళు వెతుకులాటకు అప్పగించే ఉమ్మడి ప్రాజెక్టు ఒకటుందిలే, దాని ద్వారా. మొదటి పదం 224584605939537911. భేదం 81292139 ఇంటూ 223092870. ఆ రెండో సంఖ్యను పాపతో కారణాంకాలుగా విడగొట్టించు. 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23 ఒక్కొక్కటే బయటికొస్తాయి. 27కు మించని ప్రధాన సంఖ్యలు అవే. 199 దగ్గర మనం చూసిన నియమమే అక్కడా నడుస్తోంది, తెలిసిందిగా.

ఇప్పుడు ప్రశ్నను ఇంకోవైపు తిప్పుదాం. వరసగా ఉండక్కర్లేదు, ఒక శ్రేఢిలో అక్కడక్కడా ప్రధాన సంఖ్యలు వస్తే చాలు అనుకుంటే? 10, 13, 16, 19 అని మూడేసి కలుపుకుంటూ పోతే అంతులేనన్ని వస్తాయా? దీనికి 1837లో జర్మనీకి చెందిన డిరిక్లే జవాబిచ్చాడు. మొదటి పదానికి, భేదానికి ఉమ్మడి కారణాంకం లేకపోతే చాలు, ఆ శ్రేఢిలో ప్రధాన సంఖ్యలకు అంతే ఉండదు. మళ్ళీ అదే కథ, కంటికి కనిపించే అడ్డు తప్ప ఇంకో అడ్డు లేదు. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలను చివరి అంకె ప్రకారం విడగొడితే 1తో ముగిసేవి 40, 3తో 42, 7తో 46, 9తో 38. మిగిలినవి 2, 5 మాత్రమే. మొత్తం 168. ఈ నాలుగు గుంపులూ పోనుపోను సమాన వాటాలకు దగ్గరవుతాయని 1896లో బెల్జియం గణితవేత్త ద లా వాలే పూసాన్ నిరూపించాడు.

సమాన వాటాలంటే ఎప్పుడూ సరిసమానమని కాదు. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలు ఒక జట్టు, 3 వచ్చేవి ఇంకో జట్టు అనుకుని పందెం పెట్టు. వంద లోపు 11, 13. వెయ్యి లోపు 80, 87. పదివేల లోపు 609, 619. లక్ష లోపు 4783, 4808. ఎప్పుడు చూసినా 3 జట్టుదే పైచేయి. ఈ మొగ్గును రష్యాలో చెబిషెవ్ 1853లో గమనించాడు. కారణం చెప్తే పాప ఎగిరి గంతేస్తుంది చూడు. బేసి సంఖ్య దేని వర్గాన్ని తీసుకున్నా, 9, 25, 49, 121, 4తో భాగిస్తే శేషం 1. లోతుగా లెక్కవేస్తే, సమంగా తూగేవి ఒట్టి ప్రధాన సంఖ్యలు కావు, వాటి వర్గాలను కూడా ఒక్కోదాన్ని సగం విలువతో కలిపిన మొత్తాలు. వర్గాలన్నీ ఒకే వైపు చేరిపోతాయి కాబట్టి ఆ వైపు ప్రధాన సంఖ్యలు ఆ మేరకు తగ్గుతాయి.

అలాగని 3 జట్టు ఎప్పటికీ గెలుస్తూనే ఉంటుందా? లేదు. 26861 దగ్గర 1 జట్టు మొదటిసారి ముందుకొస్తుంది. వచ్చిన సంబరం తీరకముందే 26863 దగ్గర మళ్ళీ సమమవుతుంది, ఎందుకంటే అది 3 జట్టు సంఖ్య. ఆ తర్వాత 1 జట్టు ముందుకు రావడానికి 616841 దాకా ఆగాలి. మూడుతో భాగించే పందెమైతే ఇంకా విడ్డూరం. అక్కడ శేషం 2 వచ్చే జట్టు మొదటిసారి వెనకబడేది 608981813029 దగ్గర, అంటే అరవై వేల కోట్లు దాటాక. లక్షలూ కోట్లూ లెక్కపెట్టి చూసి ఇక ఇదే శాశ్వతమని ఎవరైనా అనుకుంటారు కదరా? చేతికందే సంఖ్యలు ప్రధాన సంఖ్యల గురించి ఎప్పుడూ పూర్తి నిజం చెప్పవు.

ఈ మాట రాస్తుంటే రామానుజన్ గుర్తొస్తున్నాడు. నేను ఆఫీసుకు వెళ్ళే లోకల్ ట్రైను మ్యాట్‌సైన్స్ అనే గణిత పరిశోధన సంస్థ ఉన్న తరమణి మీదుగా, ఆయన పేరు పెట్టిన గణిత సంస్థ ఉన్న చేపాక్ దాకా పోతుంది. మన నెల్లూరికీ ఆయనకూ ఉన్న సంబంధం నీకు తెలుసో లేదో. 1910లో పూట గడవని రామానుజన్ వెళ్ళి కలిసింది అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారిని. ఆయన నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇచ్చి, మద్రాసులో ఉండి లెక్కలు చేసుకోమన్నారు. ఆ తర్వాతే పోర్ట్ ట్రస్టులో గుమస్తా ఉద్యోగం, 1913 జనవరి 16 తేదీతో ఇంగ్లండులోని గణితవేత్త హార్డీకి ఉత్తరం. ఆ ఉత్తరంలో రామానుజన్, ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో దాదాపు తేడా లేకుండా చెప్పే సూత్రం తన దగ్గర ఉందని రాశాడు. చేత్తో లెక్కపెట్టగలిగినంత మేరా అది అద్భుతంగా సరిపోతుంది కూడా. కానీ చాలా దూరం పోయాక తేడా పెరుగుతుంది. రీమాన్ జీటా ఫంక్షన్ అనే ప్రమేయం ఒకటుంది, దాని విలువ సున్నా అయ్యే సంకీర్ణ సంఖ్యలు ప్రధాన సంఖ్యల లెక్కను అటూ ఇటూ ఊపుతూ ఉంటాయి, ఆ ఊపు సూత్రంలో లేదు. ఆ ఊపు ఎంత దూరం పోగలదో 1914లో హార్డీ సహచరుడు లిటిల్‌వుడ్ నిరూపించాడు. ఇందాకటి 1, 3 జట్ల పందెంలో ఆధిక్యం అంతులేనన్నిసార్లు చేతులు మారుతుందని తేలింది కూడా ఆయన వల్లే. 1994లో రూబిన్‌స్టైన్, సార్నాక్ ఇంకాస్త ముందుకెళ్ళి, ఇంకా నిరూపణ కాని కొన్ని ఊహలను నిజమనుకుంటే, ఒక ప్రత్యేకమైన కొలత ప్రకారం 3 జట్టు 99.59 శాతం ముందుంటుందని లెక్కగట్టారు.

ఇది మద్రాసు కబురు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. గణితవేత్త కణ్ణన్ సౌందరరాజన్ ఈ ఊళ్ళోనే పెరిగి చదువుకున్నాడు, ఇప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. రామానుజన్ పేరు మీద శాస్త్ర విశ్వవిద్యాలయం కుంభకోణంలో ఇచ్చే పురస్కారం మొదటిసారి, 2005లో, అందుకున్న ఇద్దరిలో ఒకడు. 2016లో ఈయనా రాబర్ట్ లెమ్కే ఆలివర్ అనే ఇంకొకాయనా కలిసి అంతకుముందు కొద్దిమందే అడిగిన ప్రశ్న ఒకటి అడిగారు. 1తో ముగిసే ప్రధాన సంఖ్య తర్వాత వెంటనే వచ్చే ప్రధాన సంఖ్య దేనితో ముగుస్తుంది? నాలుగు అంకెలకూ సమాన వాటా అన్నాం కాబట్టి నాలుగింటికీ 25 శాతం అవకాశం ఉండాలి కదా. మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యలు తీసుకుంటే, 1తో ముగిసేవి సుమారు రెండున్నర కోట్లు. వాటి వెనకాల మళ్ళీ 1తో ముగిసేది వచ్చింది 46,23,042 సార్లే. 3 వచ్చింది 74,29,438 సార్లు, 7 వచ్చింది 75,04,612 సార్లు, 9 వచ్చింది 54,42,345 సార్లు. అంటే 1 తర్వాత 1 రావడం పద్దెనిమిదిన్నర శాతమే!

1 తర్వాత మళ్ళీ 1 రావాలంటే మధ్యలో 3, 7, 9 దాటాలి కాబట్టి అలా అవుతుందిలే అని నీకు అనిపించొచ్చు. అది కొంతవరకే నిజం. అసలు తేడా దానికంటే చాలా పెద్దది. హార్డీ, లిటిల్‌వుడ్ ప్రతిపాదించిన ఒక ఊహ ఆధారంగా వీళ్ళు ఆ తేడాను వివరించారు. సంఖ్యలు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది కానీ ఎంతో నెమ్మదిగా. వేల సంవత్సరాలుగా మనుషులు చూస్తున్న ప్రధాన సంఖ్యల్లో, ఒక మామూలు కంప్యూటరుతో ఎవరైనా లెక్కపెట్టి చూడగలిగే విషయం 2016 దాకా కొద్దిమంది కంట తప్ప పడలేదు. పాపకు ఈ మాట తప్పకుండా చెప్పు. లెక్కల్లో అన్నీ అయిపోయాయి, మనం బట్టీ పట్టడమే మిగిలిందని ఆ పిల్ల అనుకోకూడదు.

ఇంకా ఎవరికీ తేలని ప్రశ్న ఒకటి రాసి ముగిస్తాను. గ్రీన్, టావోల శ్రేఢుల్లో ఒక పదానికీ ఇంకో పదానికీ మధ్య వేరే ప్రధాన సంఖ్యలు ఉండొచ్చు. 199కీ 409కీ మధ్య చాలానే ఉన్నాయి. అలా కాకుండా, వెంట వెంటనే వచ్చే ప్రధాన సంఖ్యలే అంకశ్రేఢిలో ఉండాలంటే? 47, 53, 59 అలాంటివి. వాటి మధ్య ఇంకో ప్రధాన సంఖ్య లేదు. 251, 257, 263, 269 అయితే నాలుగు వరసగా ఉన్నాయి. 1998లో కొందరు కలిసి పది వరసగా ఉన్నవి పట్టుకున్నారు, ఒక్కోటి 93 అంకెల సంఖ్య. భేదం ఎంతో ఊహించమను పాపను. 210. పది పదాలకు అంతకంటే తక్కువ కుదరదని నీకు ఇప్పటికే తెలుసు. ఇంతా చేసి, ఇలా వెంట వెంటనే వచ్చే ముగ్గురి జట్లు అంతులేనన్ని ఉన్నాయా అంటే ఈ రోజుకీ నిరూపణ లేదు. ఉన్నాయనే అందరి నమ్మకం, నాదీ అదే. వెయ్యి లోపు ఉన్న జట్లన్నీ పాపను ఏరి రాయమను, భేదం 6 కానివి వస్తే వాటి కింద గీత గీయమను. జాబితా ఫొటో తీసి నాకు పంపించు, నేనూ విడిగా రాసి పెట్టుకుంటాను, సరిచూసుకుందాం.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రమణ